అది ఏం చదువుకుందో అడుగు

మా మేడమ్ పోయిన సంగతి నాకు ఆవిడ భర్త ఫోన్‌లో చెప్పారు. ఆఫీసుకు బయలుదేరి ఆటో కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాను. ఆ నంబరు నుంచి ఫోన్ వచ్చిందంటే కొన్ని నెలలుగా నాకు ఒకటే అర్థం. "మీ మేడమ్ అడుగుతోందమ్మా, అన్నీ నడుస్తున్నాయా అని" అంటారాయన. నడుస్తున్నాయండీ అంటాను నేను. మంచం మీద నుంచి ఆవిడ సరే అనడం సన్నగా వినపడుతుంది. అంతే, ఫోన్ పెట్టేస్తారు. ఆ రోజు కూడా ఫోన్ ఎత్తుతూనే, ఆయన నోరు విప్పకముందే, "అన్నీ నడుస్తున్నాయండీ" అనేశాను. తరువాత ఆయన, "మీ మేడమ్ వెళ్ళిపోయిందమ్మా, తెల్లారేసరికి" అన్నారు. నా ముందు ఆటో ఆగింది. ఎక్కడికని డ్రైవరు అడిగితే ఆఫీసు పేరు చెప్పాను. సగం దూరం వెళ్ళాక గాని భవానీపురంలో మేడమ్ ఇంటికి పోనిమ్మని చెప్పాలన్న తెలివి రాలేదు.

ఆవిడ ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. కానీ మీలో కొందరి ఫోన్లకు ఆవిడ చేతి మీదుగా కబురు వచ్చే ఉంటుంది. విజయవాడలో ఒక రక్తపరీక్షల ల్యాబు మాది. మైలవరంలో, పామర్రులో, ఇంకా చుట్టుపక్కల ఊళ్ళలో రక్తం తీసుకునే సెంటర్లు ఉన్నాయి. పరీక్ష ఇక్కడ జరుగుతుంది, రిపోర్టు రోగి ఫోన్‌కు వెళుతుంది. ఆ మధ్యలో ఉండే సర్వర్లన్నీ మేడమ్ చూసేవారు. నేను ఆవిడ దగ్గర పని నేర్చుకుని, ఆవిడ పక్క కుర్చీలోనే ఏళ్ళ తరబడి కూర్చున్నదాన్ని.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పలేను. సర్వర్లో ఎవరూ పిలవకుండా, తెర మీదికి రాకుండా, తమ పాటికి తాము నడిచే పనులు కొన్ని ఉంటాయి. వాటిని సర్వీసులంటాం. యంత్రం నుంచి అంకెలు తీసుకునేది ఒకటి, వాటిని రిపోర్టుగా కూర్చేది ఒకటి, ఆ రిపోర్టును రోగికి పంపేది మరొకటి. ప్రతిదానికీ ఒక సెట్టింగుల ఫైలు ఉంటుంది. ఎక్కడి నుంచి తీసుకోవాలి, ఎవరికి పంపాలి, ఎవరి లాగిన్ పేరు మీద నడవాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. అందులో ఒక చుక్క తేడా పడిందనుకోండి, సర్వీసు ఆగిపోతే మన అదృష్టం. చాలాసార్లు ఆగదు. ఎంచక్కా నడుస్తూనే తప్పు పని చేస్తుంది. ఆ తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే మా ఉద్యోగం.

నేను చేరిన కొత్తలో ఏదైనా మొరాయిస్తే వెంటనే రీస్టార్ట్ చేయబోయేదాన్ని. అందరూ చేసేది అదే కదా. మేడమ్ నా చేతి మీద చిన్న దెబ్బ వేసేవారు, పిల్లలు పళ్ళెంలోంచి అప్పడం లాగితే వేసే దెబ్బ. రీస్టార్ట్ చేస్తే అది ఎందుకు తప్పిందో చెప్పే సాక్ష్యం పోతుందని ఆవిడ గోల. ముందు అది ఏమంటోందో వినాలి. ఇంకొక మాట అంటే ఆవిడకు ఒళ్ళు మండేది. "ఏం చేయకుండానే అదే బాగైపోయింది మేడమ్" అని ఎవరైనా అన్నారా, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. అదే బాగైంది అంటే రేపు అదే పాడవుతుంది, కూర్చో, వెతుకుదాం అనేవారు. మధ్యాహ్నం భోజనం ఆ రోజుకు హుళక్కి.

సర్వీసు పాడైందని కూడా ఆవిడ ఎప్పుడూ అనలేదు. "దానికి తెలియదు పాపం, మనం చెప్పలేదు" అనేవారు. మనుషుల విషయంలో ఇంత జాలి చూపించరేమని నేనొకసారి ఉడికించాను. మనుషులు మనం చెప్పింది విన్నట్టు తల ఊపుతారు, ఇది ఆ మోసం చేయదు కాబట్టి దీని మీద జాలి అన్నారు. నేనప్పుడు తల ఊపుతూ ఉన్నాను.

మే నెలలో విజయవాడ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. మా బిల్డింగు మొత్తంలో నిజంగా చల్లగా ఉండేది సర్వర్ గది ఒక్కటే. శాంపిళ్ళు తెచ్చే కుర్రాళ్ళ దగ్గర్నుంచి రిసెప్షన్ అమ్మాయిల దాకా ఏదో ఒక వంకతో లోపలికి దూరేవారు. మేనేజర్ గారికి ఇష్టం ఉండేది కాదు. మేడమ్ మాత్రం ఎవరినీ వెళ్ళగొట్టలేదు. కాకపోతే లోపలికి వచ్చినవాళ్ళు ఒక సెట్టింగుల ఫైలు మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి. అదీ ఆవిడ రేటు. ఎందుకు చదువుతున్నారో వాళ్ళకు తెలియదు. చల్లగా ఉంది కదా అని చదివేవారు. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ ఉండేవారు.

పైకి చదివించే ఈ అలవాటు ఆవిడకు ఊరికే రాలేదు. దాని వెనక ఒక తప్పు ఉంది, ఆ తప్పు ఆవిడదే.

ఒక వానాకాలం ఉదయం మైలవరం వైపు నుంచి ఒకాయన ల్యాబుకు వచ్చాడు. హెల్మెట్ చేతిలోనే ఉంది, చొక్కా తడిసిపోయి ఉంది. ఆయన భార్యకు జ్వరం. మా మైలవరం సెంటర్లో రక్తం ఇచ్చి వెళ్ళి రిపోర్టు కోసం చూస్తున్నారు. "మెసేజ్ రాలేదండీ. రాలేదంటే అంతా బాగానే ఉన్నట్టు లెక్కని ఇంట్లోవాళ్ళు అన్నారండీ. కానీ మనిషి లేవట్లేదు" అన్నాడు. మేడమ్ రిపోర్టు తీసి చూశారు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. కాగితం ఆయన చేతిలో పెట్టి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పి, ఆయన బండి వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డారు.

తరువాత వెతుకులాట మొదలైంది. పంపే సర్వీసు నడుస్తోంది. తెర మీద పచ్చగా ఉంది. అది రాసుకునే లాగ్ చూస్తే పంపాను, పంపాను, పంపాను అని వరుసగా ఉంది. నాకేమీ తప్పు కనిపించలేదు. మేడమ్ ఆ వరుసలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివి, ఎవరికి పంపిందో చూడమన్నారు. మైలవరం రిపోర్టులన్నీ ఒకే నంబరుకు వెళుతున్నాయి. ఆ నంబరు మా ఆఫీసుదే. ఎప్పుడైనా పరీక్ష కోసం వాడే పాత ఫోన్‌ది. ఆ ఫోన్ ఆవిడ బల్ల సొరుగులో చార్జింగ్ లేక పడి ఉంది. తీసి తీగ పెట్టాం. ప్రాణం వచ్చిన వెంటనే అది మోగడం మొదలుపెట్టింది. ఒకదాని వెనక ఒకటి, బల్ల మీద కదులుతూ మోగుతూనే ఉంది. అవన్నీ ఎవరెవరి ఇళ్ళలోనో మోగాల్సిన మోతలు. మేడమ్ దాన్ని ఆపలేదు, చూస్తూ నిలబడ్డారు.

జరిగింది ఇది. కొన్ని వారాల కిందట మెసేజ్‌లు సరిగ్గా వెళుతున్నాయో లేదో చూద్దామని మేడమే సెట్టింగుల ఫైల్లో మైలవరం వరుసలో ఆ ఫోన్ నంబరు రాశారు. రాసి రీస్టార్ట్ చేయబోతుంటే ఎవరో పిలిచారు. లేచి వెళ్ళారు, మరచిపోయారు. సర్వీసు మొదలయ్యేటప్పుడు ఒక్కసారే సెట్టింగులు చదువుకుంటుంది. ఆ తరువాత ఫైల్లో మనం ఏం రాసినా దానికి పట్టదు, పాత చదువుతోనే నడుస్తుంది. అందుకే ఇన్ని వారాలూ ఏ తేడా రాలేదు. వానకు కరెంటు పోయి సర్వర్ మళ్ళీ లేచినప్పుడు అది ఫైలు కొత్తగా చదువుకుంది. చదువుకున్నది చదువుకున్నట్టే చేసింది.

మేనేజర్ గారు సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్ళ మీదికి తోసేద్దామన్నారు. అది సులువు కూడా. మేడమ్ అందరి ముందూ "అది రాసింది నేనండీ" అన్నారు. ఆ తరువాత కూర్చుని మైలవరం వాళ్ళకు ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసి, రిపోర్టు చదివి వినిపించి, ఆలస్యానికి క్షమించమని అడిగారు. కొందరు తిట్టారు. ఒకామె ఏం ఫరవాలేదమ్మా అంటే అప్పుడు మాత్రం ఆవిడ ఫోన్ పెట్టేసి కళ్ళజోడు తుడుచుకున్నారు. జ్వరం వచ్చిన ఆవిడ చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. అన్ని రోజులూ మేడమ్ తన భర్త బండి వెనక కూర్చుని ఆసుపత్రికి వెళ్ళి వచ్చేవారు. లోపలికి వెళ్ళి మాట్లాడారా అని నేను అడిగితే, బయట బెంచీ మీద కూర్చుని వచ్చేశానని చెప్పారు.

అప్పటి నుంచి మొదలైంది చదువు. ప్రతి శనివారం భోజనాలయ్యాక ఇద్దరం ఎదురెదురుగా కూర్చోవాలి. నేను ఫైల్లో రాసి ఉన్న వరుస చదవాలి. ఆవిడ నడుస్తున్న సర్వీసును అడిగి, అది తన లోపల పట్టుకుని ఉన్న వరుస చదవాలి. రెండూ ఒకటైతే తరువాతి వరుస. తేడా వస్తే అక్కడే ఆగాలి. వాళ్ళ చర్చిలో ఒక వచనం పాస్టరు గారు చదివితే తరువాతి వచనం సంఘమంతా కలిసి చదువుతారట. చిన్నప్పటి నుంచి అలా చదవడం ఆవిడకు అలవాటు. ఒంటరిగా చదివితే కళ్ళు తమకు కావలసింది చూసుకుంటాయి, ఎదురుగా ఒకరుంటే అలా కుదరదు అనేవారు. "మనం ఏం రాశామో కాదు అమ్మాయ్, అది ఏం చదువుకుందో అడుగు." ఈ మాట ఆవిడ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ల్యాబులో చాలామంది మేము ప్రార్థన చేసుకుంటున్నామనుకున్నారు. కొత్తగా చేరిన టెక్నీషియన్ ఒకతను ఏదో అడగడానికి వచ్చి, మా చదువు విని, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేడమ్ అతన్ని కంగారు పెట్టకుండా ఫైలు పూర్తయ్యేదాకా చదివి, "ఆమెన్" అన్నారు. అతను కూడా అన్నాడు. తరువాత నేను నవ్వు ఆపుకోలేక పరుగెత్తితే, పోనీలే, అతనికి మంచే జరుగుతుంది అన్నారు.

అలాంటి ఒక శనివారమే ఆవిడ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది.

కొన్నాళ్ళుగా ఆవిడకు కడుపులో నొప్పిగా ఉంటోంది. మా ల్యాబులోనే పరీక్షలకిచ్చారు. మిగతావాళ్ళ రిపోర్టులు నడిచే దారంతా ఆవిడ చేతిలోనే ఉంది. కావాలనుకుంటే అంకెలు యంత్రంలోంచి బయటికి వచ్చిన క్షణమే చూసుకోవచ్చు. అవసరం లేకుండా ఎవరి రిపోర్టూ తెరిచి చూడకూడదన్నది ఆవిడ నియమం. తన రిపోర్టూ అంతే, మెసేజ్ వచ్చేదాకా అందరిలాగే ఆగారు. మేము సగం ఫైల్లో ఉన్నాం. ఫోన్ మోగింది. తీసి చదివారు. బోర్లా పెట్టారు. "వచ్చింది. అంటే సర్వీసు బాగానే పనిచేస్తోంది" అన్నారు. నేను ఆవిడ ముఖంలోకి చూస్తున్నాను. "తరువాతి వరుస చదువు" అన్నారు.

నేను చదివాను. అంతకంటే ఏం చేయాలో తెలియలేదు. ఆవిడ వంతు వచ్చినప్పుడు గొంతు ఎక్కడా తడబడలేదు. ఫైలు చివరిదాకా చదివాక బ్యాగు తీసుకుని, కాస్త ముందుగా ఇంటికి వెళతానని చెప్పి వెళ్ళారు. అంతకుముందు ఎప్పుడూ ముందుగా వెళ్ళిన మనిషి కాదు.

మందులు మొదలైన తరువాత తలకు స్కార్ఫు కట్టుకుని ఆఫీసుకు వచ్చేవారు. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి పని చెప్పారు. మా సర్వీసుల్లో చాలావాటిని ఎప్పుడో మొదట్లో ఆవిడే ఒక్కచేత్తో పెట్టారు. అప్పట్లో వేరే ఏర్పాటు లేక అవన్నీ ఆవిడ లాగిన్ పేరు మీదే నడుస్తున్నాయి. మనిషి ఉద్యోగం మానేస్తే లాగిన్ తీసేస్తారు. లాగిన్ తీసేస్తే దాని మీద నడిచేవన్నీ ఆగిపోతాయి. అది పాత పొరపాటు, తను ఉన్నంతవరకు ఎవరికీ కనపడని పొరపాటు. తన పేరు ప్రతి ఫైల్లోంచీ తీసేయాలి, తనకు ఓపిక ఉండగానే అయిపోవాలి అన్నారు.

నేను చేయనన్నాను. మొహం మీదే అన్నాను. మీకు తగ్గిపోతుంది, తగ్గాక తీరిగ్గా చేసుకోవచ్చు, ఇప్పుడేం తొందర అన్నాను. తగ్గితే మంచిదే, చేసిన పని వృథా పోదుగా అన్నారావిడ. నాకు కోపం వచ్చింది. ఆ పని చేయడమంటే ఆవిడ పోతారని ఒప్పుకోవడమేనని నాకు అనిపించింది. ఆ ఫైళ్ళలో ఆవిడ పేరున్నంతకాలం ఆవిడ వెళ్ళడానికి లేదని నా బుర్రలో ఏదో మూల నమ్మకం. చదువుకున్నదాన్ని, ఇలాంటి నమ్మకాలు నాకుండకూడదు. ఉన్నాయి, ఏం చేయను.

ఆవిడ నాతో వాదించలేదు. తనే మొదలుపెట్టారు. మందుల వల్ల వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కి, కొట్టిన అక్షరం ఒకటైతే పడే అక్షరం ఇంకొకటి. కొట్టడం, చెరపడం, మళ్ళీ కొట్టడం. ఒక చిన్న పేరు మార్చడానికి ఆవిడ పడుతున్న అవస్థ పక్క కుర్చీలోంచి చూశాను. నేను చూడలేనిది ఇంతకంటే ఏముంటుందనిపించింది. "జరగండి మేడమ్. నేను కొడతాను, మీరు చెప్పండి" అన్నాను. ఆవిడ జరిగారు. ఇద్దరికీ కళ్ళ నీళ్ళు వచ్చాయి గాని, పని ఆపలేదు.

కొద్దిరోజులకు ఆఫీసుకు రాలేని స్థితి వచ్చింది. నేనే లాప్‌టాప్ పట్టుకుని భవానీపురం వెళ్ళేదాన్ని. చిన్న ఇల్లు, కృష్ణ మీది గాలి తగిలే ముందు గది. ఆవిడ భర్త ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. నాకు టీ పెట్టి ఇచ్చి, ఆవిడ వెనక దిండ్లు సర్ది, అక్కడే కూర్చునేవారు. ఆవిడకు గొంతు బాగా నీరసించింది. నాలుగు వరుసలు చదివితే ఆయాసం. ఒకరోజు మధ్యలో ఆగిపోతే ఆయన కళ్ళజోడు పెట్టుకుని తెర ముందుకు వంగి ఆవిడ వంతు అందుకున్నారు. అదేమిటో ఆయనకు తెలియదు. ఏటవాలు గీతలకేం పేరుందో తెలియదు. "గీత, ఇ, టి, సి, గీత" అని అక్షరం అక్షరం చదివారు. నడివీధిలో బస్సు వెనక్కి తీసేంత జాగ్రత్తగా చదివారు. ఆవిడ కళ్ళు మూసుకుని, నేను చదివింది ఒక చెవితో, ఆయన చదివింది ఇంకో చెవితో విని, తేడా ఉన్నచోట వేలు ఎత్తేవారు. వేలు ఎత్తినప్పుడల్లా తప్పు అక్కడ ఉండేది.

"చర్చిలో నా పక్కన కూర్చుని ఇన్నేళ్ళు చదివారు కదమ్మా, ఆ మాత్రం రాదా" అన్నారావిడ ఒకసారి ఆయన్ను చూపించి. ఆయన సిగ్గుపడి టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళారు. లోపల కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

రిపోర్టులు పంపే సర్వీసును ఆవిడ ఆఖరుకు ఉంచారు. అది తప్పితే ఏమవుతుందో ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం, ల్యాబులో రద్దీ తక్కువగా ఉన్న మధ్యాహ్నం, ఆవిడ పేరు తీసి ల్యాబు పేరుతో చేసిన కొత్త లాగిన్ రాశాం. రీస్టార్ట్ చేశాను. నడుస్తోంది, పచ్చగా ఉంది. అమ్మయ్య అనుకున్నాను. "ఏమంటోందో చూడు" అన్నారావిడ. లాగ్ చూస్తే పంపాను అన్న మాట ఎక్కడా లేదు. రిపోర్టులుండే ఫోల్డరు తెరిచే హక్కు ఆ కొత్త పేరుకు మేము ఇవ్వలేదు. అది గుమ్మం బయటే నిలబడి ఉంది, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. హక్కు ఇచ్చాను. పామర్రులో ఎవరికో మొదటి రిపోర్టు వెళ్ళింది. వెనకే ఇంకొకటి. ఆవిడ దిండు మీద తల వాల్చి చాలాసేపు ఊపిరి తీసుకున్నారు.

ఒక్క పని మిగిలింది. ఆ ఫైళ్ళలో అక్కడక్కడా ఆవిడ రాసుకున్న చిన్న చిన్న వరుసలు ఉన్నాయి. ముందు ఒక గుర్తు పెడితే సర్వీసు ఆ వరుసను చదవదు, మనుషుల కోసం రాసేవి అవి. "ఇది మార్చే ముందు నన్ను అడగండి" అని రాసి కింద ఆవిడ పేరు. చాలాచోట్ల ఉంది. అవి కూడా తీసేయమన్నారు.

నేను బతిమాలాను. అవి సర్వీసు చదవదు కదా మేడమ్, వాటివల్ల ఏ నష్టమూ రాదు, ఉండనివ్వండి అన్నాను. ఒక్కచోటైనా ఉంచమన్నాను.

"సర్వీసు చదవదు. రేపు ఇంకెవరో వచ్చి చదువుతారు. నన్ను అడుగుదామనుకుంటారు" అన్నారు. నా వైపు తిరిగి, "ఎవరిని అడుగుతారమ్మా" అన్నారు.

ఒక్కొక్కటే తీసేశాను. ఆవిడ చెబుతూ ఉంటే, అడగాల్సిన సంగతి ఏమిటో, ఎందుకు మార్చకూడదో ఆ చోటనే పూర్తిగా రాసి, కింద పేరు మాత్రం చెరిపాను. ఆఖరుది అయ్యాక ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "నా లాగిన్ తీసేసిన రోజు ఎవరికీ తెలియకూడదు. అప్పుడు మనం పని సరిగ్గా చేసినట్టు" అన్నారు. నాకు తెలుస్తుంది కదా మేడమ్ అన్నాను. ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఆ తరువాత ఆవిడ ఎక్కువ రోజులు లేరు.

సమాధి దగ్గర మా ల్యాబు వాళ్ళందరం ఒక పక్కగా నిలబడ్డాం. చర్చివాళ్ళు పాడుతుంటే ఆయన పాడలేకపోయారు, పుస్తకం మాత్రం తెరిచి పట్టుకున్నారు. మట్టి వేయడానికి అందరూ ఒక్కొక్కరే వంగుతున్నారు. నా వంతు వచ్చినప్పుడు గుప్పిట విప్పలేకపోయాను. పక్కనున్న రిసెప్షన్ అమ్మాయి నా మణికట్టు పట్టుకుని సాయం చేసింది.

మొన్న మేనేజర్ గారు నా బల్ల దగ్గరికి వచ్చి, చెప్పలేక చెప్పలేక చెప్పారు. మేడమ్ లాగిన్ తీసేయాలి, నియమం ప్రకారం ఇప్పటికే ఆలస్యమైంది, కష్టంగా ఉంటే ఇంకెవరితోనైనా చేయిస్తాను అన్నారు. వద్దండీ, నేనే చేస్తానన్నాను. తీసేశాను. తీసేసి లేచి వెళ్ళి హాలు అద్దాల తలుపు దగ్గర నిలబడ్డాను. దాచుకోవడమెందుకు, ఏదో ఒకటి ఆగిపోవాలని కోరుకున్నాను. ఏదో ఒక చిన్న సర్వీసు, ఎవరికీ నష్టం లేనిది, ఆవిడ లేరని తెలిసి ఆగిపోతే చాలనుకున్నాను. కౌంటర్లో అమ్మాయి టోకెన్లు పిలుస్తోంది. కూర్చున్నవాళ్ళలో ఒకరి ఫోన్ మోగింది, తరువాత ఆ వెనక వరుసలో ఇంకొకరిది. రిపోర్టు చూసుకుని ఒకాయన భార్యతో ఏదో చెప్పి నవ్వాడు. ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు.

వెనక్కి వచ్చి కూర్చున్నాను. సర్వీసుల సెట్టింగుల ఫైళ్ళన్నిట్లో ఒక మాట వెతకమని సర్వర్‌ను అడగవచ్చు. ఉంటే అది ఉన్న ప్రతి వరుసా తెర మీద చూపిస్తుంది. ఆ వెతుకులాటతో ఇప్పుడు ఎవరికీ పనిలేదు, నన్ను ఎవరూ చేయమనలేదు. ఆవిడ పేరు కొట్టాను. సర్వర్ అన్ని ఫైళ్ళూ తిరిగి వచ్చింది. లేదని కూడా చెప్పలేదు, దొరకనప్పుడు అది ఏమీ చెప్పదు. ఊరికే కింది వరుసలోకి వచ్చి, ఇంకేం కావాలన్నట్టు నిలబడింది. అక్షరం ఏదైనా తప్పు కొట్టానేమోనని మళ్ళీ చూసుకున్నాను. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.